కిరీటం కాదు, గోదా ఇవ్వవలసింది

ఆర్యా,

అమెరికా కళాశాలల కుస్తీపోటీలను గురించి షోలాపూరు నుండి ఒక ముసలివాడు లేఖ వ్రాయడమేమిటని తమ పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చును. ముందు కారణం మనవి చేసుకొని తరువాత సంగతికి వస్తాను.

మా తాతగారు మగ్గం పని వెదుక్కుంటూ కరీంనగరం వైపు నుండి యీ వూరు వచ్చి స్థిరపడినారు. మేము ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. తెల్లవారుజామున తాలీంఖానా, ప్రొద్దెక్కిన తరువాత మగ్గం. మా పేట కుర్రవాళ్ళకు అవే రెండు బడులు. నేను ఏడెనిమిదేళ్ళు గోదా మన్ను పూసుకున్నవాణ్ణే గాని, చెప్పుకోదగ్గ మల్లుణ్ణి కాలేదు. ఆ పిచ్చి మాత్రం నా మనుమడికి అంటింది. వాడు పైచదువుకు అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయపు నలుపు–పసుపు జట్టుకు వీరాభిమాని అయి కూర్చున్నాడు. 2020లో ఆగిపోయిన పోటీలను గురించి వాడికీ నాకూ టెలిఫోనులో మొదలైన వాదం ఇప్పటికీ తెగలేదు. ఆ తగవును మీ పాఠకుల ముందు పెట్టదలచినాను.

కాలేజీ కుస్తీ మన ప్రాంతానికి క్రొత్త కాదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో కంచుపతకం తెచ్చి, స్వతంత్రభారతానికి తొలి వ్యక్తిగత పతకం సంపాదించిన ఖాశాబా జాధవ్ కొల్హాపురం రాజారాం కళాశాల విద్యార్థే. ఐతే అమెరికాలో అది పెద్ద ఏర్పాటు. విశ్వవిద్యాలయాల జాతీయ పోటీలు 1928లో మొదలైనవి. 125 పౌనుల నుండి 285 పౌనుల వరకు 10 బరువులు. ఒక్కొక్క బరువుకు 33 మంది. మొత్తం 330 మంది మూడు రోజులపాటు పట్లు పడతారు. ఒకసారి ఓడినవాడు ఇంటికి పోనక్కరలేదు. గెలుస్తూపోతే మూడవ స్థానం దాకా రావచ్చును. మొదటి ఎనిమిదిమందికి ‘ఆల్ అమెరికన్’ అనే బిరుదు వస్తుంది. అది జన్మంతా పేరు ప్రక్కన నిలిచే గౌరవం.

పోటీకి ముందు ఆ 33 మందికీ 1 నుండి 33 దాకా వరుస సంఖ్యలు వేస్తారు. దీనిని సీడింగు అంటారు. పూర్వం 16 మందికే వేసేవారు; 2019 నుండి అందరికీ వేస్తున్నారు. బలవంతులిద్దరు మొదటి పట్టులోనే ఒకరినొకరు పడగొట్టుకోకుండా యీ ఏర్పాటు. దానికొక లెక్క వున్నది. 2020 నాటి లెక్కలో ఆ యిద్దరూ ఆ యేడు ముఖాముఖి పట్టు పడి వుంటే ఆ ఫలితానికి నూటికి 25 పాళ్ళు, గట్టివాళ్ళను ఓడించినందుకు 20, శిక్షకుల అభిప్రాయానికి 15. మిగిలిన పాళ్ళు గెలుపుల శాతానికి, ఉమ్మడి ప్రత్యర్థులపై ఫలితాలకు, అర్హతపోటీలో వచ్చిన స్థానానికి, ఇలాంటి వాటికి పంచుతారు. ఇంత లెక్క వేసినా జాబితా వచ్చిన రాత్రి అభిమానులకు నిద్ర వుండదు. మావాడికి మూడవ సంఖ్య ఏమిటి, వాడికి మొదటిది ఎట్లా వచ్చింది అని తగవులే. జాతరలో జోడీలు కట్టేటప్పుడు మన పెద్దలు పడే తగవులు విన్నవాళ్ళకు ఇది వింతగా తోచదు.

2020 మార్చి 11వ తేదీన ఆ జాబితా వెలువడినది. పోటీలు 19, 20, 21 తేదీలలో మినియాపొలిస్ నగరంలోని పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో జరగవలసి వున్నవి. జాబితా వచ్చిన రోజుననే, కరోనా వ్యాధి కారణంగా ప్రేక్షకులను రానివ్వబోమని ప్రకటన వచ్చినది. మరునాడు, 12వ తేదీన, పోటీలనే రద్దు చేసినారు. వారం రోజులలో గోదాలోకి దిగవలసిన 330 మందికి చేతిలో మిగిలినది ఒక్క సంఖ్య.

రద్దు తప్పని నేను అనను. నా మనుమడూ అనడు. ఆ రోజులలో మన వూళ్ళలో పెళ్ళిళ్ళు ఆగినవి, జాతరలు ఆగినవి, అయినవాళ్ళను ఆఖరుసారి చూసుకోలేక ఏడ్చిన ఇళ్ళు వున్నవి. తగవు ఆ తరువాత చేసిన దానిని గురించి.

మనుమడి వాదన ఇది. ఆ యేడు అయోవా జట్టు జట్లపోటీలలో 13 ఆడి 13 గెలిచినది. తమ మండలమైన బిగ్ టెన్ పోటీలలో ప్రథమస్థానం తెచ్చుకున్నది. 2010 తరువాత చేతికి రాని జాతీయ విజయం ముంగిట నిలిచినది. 125 పౌనులలో స్పెన్సర్ లీ ఆ యేడు ఓటమి ఎరుగడు; సంఖ్య 1. 149 పౌనులలో పాట్ లూగోకూ సంఖ్య 1. “ఇంకేం కావాలి తాతా? పుస్తకంలో 2020 విజేత అయోవా అని వ్రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?” అంటాడు.

సొమ్ము పోదు, నిజం పోతుంది అంటాను నేను. స్పెన్సర్ లీ 2018లోనూ 2019లోనూ మూడవ సంఖ్యతో దిగినవాడే. రెండుసార్లూ విజేత ఐనాడు. సంఖ్యనుబట్టి కిరీటం ఇచ్చే పద్ధతి వుంటే ఆ రెండూ వాడికి దక్కేవి కావు. 2023లో అదే లీ మొదటి సంఖ్యతో దిగి, సెమీఫైనలులో ఇక క్షణాలలో పట్టు ముగుస్తుందనగా పర్‌డ్యూ విశ్వవిద్యాలయపు మాట్ రామోస్ చేతిలో చిత్తు ఐనాడు. ఆ యేడు పోటీ జరగకపోతే అతడే విజేత అని మా మనుమడు ప్రమాణం చేసేవాడు.

ఇంకా వెనుకకు పోతే డాన్ గేబుల్ సంగతి వున్నది. హైస్కూలులోనూ కాలేజీలోనూ కలిపి 181 పట్లు గెలిచి, ఒక్కటీ ఓడనివాడు. 1970లో, కాలేజీలో తన ఆఖరి పట్టులో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ ఓయింగ్స్ చేతిలో 13–11 పాయింట్లతో ఓడినాడు. అదే గేబుల్ 1972లో మ్యూనిక్ ఒలింపిక్సులో ఒక్క పాయింటు ఇవ్వకుండా బంగారు పతకం గెలిచినాడు. తరువాత ఇదే అయోవా జట్టుకు శిక్షకుడై 15 సార్లు జాతీయ విజయం తెచ్చినాడు. 1970 పోటీ ఆగిపోయి సంఖ్యల ప్రకారం బిరుదులు పంచి వుంటే గేబుల్ ఓటమి ఎరుగనివాడుగా మిగిలేవాడు; ఓయింగ్స్ పేరు ఎవరికీ తెలిసేది కాదు. అతని పేరే పెట్టుకున్న గేబుల్ స్టీవ్‌సన్ 2020లో పై బరువులో మొదటి సంఖ్య వాడు. 2021, 2022లలో గెలిచినాడు, టోక్యో ఒలింపిక్సులో బంగారమూ గెలిచినాడు. 2025లో తిరిగి వచ్చి, ఆ యేడు ఓటమి లేకుండా ఫైనలు దాకా పోయి, వ్యాట్ హెండ్రిక్సన్ చేతిలో 5–4తో ఓడినాడు. లెక్కలు ఎంత బాగా వేసినా, కాలేజీ కుస్తీలో ఆ ఏడు నిమిషాలు చెప్పేది వేరు.

అందుచేత 2020 ప్రక్కన విజేత పేరు లేకుండా వుంచడమే న్యాయం. రెండవ ప్రపంచయుద్ధం వల్ల 1943, 44, 45 సంవత్సరాలలో పోటీలు జరగలేదు. ఆ మూడేళ్ళూ అట్లాగే ఖాళీగా వున్నవి. ఐతే శిక్షకుల సంఘంవారు 2020లో ఒక పని చేసినారు. సంఖ్యలలో మొదటి ఎనిమిదిమందికి మొదటి తరగతి ‘ఆల్ అమెరికన్’ బిరుదు ఇచ్చినారు. మంచి మనస్సుతో చేసినదే, తప్పు పట్టను. కాని మా మనుమడి గదిలో వుండిన స్నేహితుడొకడు ఆ 330 మందిలో ఒకడు. అతని పేరు, కళాశాల నేను వ్రాయను. ఎనిమిది లోపల సంఖ్య రానివాడు. అదే అతనికి ఆఖరి యేడు. తలిదండ్రులు టిక్కెట్లు కొని, బస కూడా మాట్లాడుకొని వున్నారు. “నేను ఎనిమిదిమందిలోకి వచ్చేవాణ్ణని ప్రమాణం చేయలేను. రాలేకపోయేవాణ్ణని వాళ్ళెట్లా చెప్పగలరు?” అని మావాడితో అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుండి నాకు మనస్సు మనస్సులో లేదు. ఎందుకో చెబుతాను.

సుమారు 60 ఏళ్ళ క్రిందటి మాట. ఒక జాతరలో ఆఖరి జోడీ నాది. ఎదుటివాడు నాకన్న అన్ని విధాలా పెద్ద మల్లుడు. నేను గెలుస్తానని మా అమ్మ కూడా అనుకోలేదు. దండ సవరించి గోదాలోకి దిగుతుండగా పెద్ద వాన వచ్చినది. గోదా మడుగైపోయింది. పంచాయతీ పెద్దలు, ఎట్లాగూ గెలిచేవాడు అతడే గదా, తలపాగా అతనికే చుట్టి ఇంటికి పోదామన్నారు. మా వస్తాదు అడ్డుపడినాడు. “పట్టు పడని వాణ్ణి ఓడినాడని ఏ నోటితో అంటారు? తలపాగా దేవుడి దగ్గర పెట్టండి. వచ్చే యేడు ఇద్దరూ వస్తారు” అన్నాడు. తలపాగా యేడాది పాటు గుడిలో వున్నది. మరుసటి యేడు ఇద్దరమూ దిగినాము. నాలుగు నిమిషాలలో నేను చిత్తు ఐనాను. ఆ ఓటమి నాకు ఏనాడూ నొప్పి కలిగించలేదు. నా ఓటమి నాదే. ఎవరో లెక్క వేసి నా నెత్తిన పెట్టినది కాదు.

ఈ కథ చెప్పి మనుమణ్ణి ఓడించినానని సంబరపడినాను. వాడు కొంచెంసేపు వూరుకొని, “నీకు మరుసటి యేడు ఇచ్చినారు తాతా. వాళ్ళకు ఎవరిచ్చినారు?” అని అడిగినాడు. నాకు జవాబు దొరకలేదు.

జరిగినది ఇది. 2020 మార్చి 30న అక్కడి కళాశాలల క్రీడాసంఘంవారు, వసంతకాలపు క్రీడలవారికి ఆ యేడు నష్టపోయినందుకు మరొక యేడు ఆడే హక్కు ఇచ్చినారు. శీతకాలపు క్రీడలవారికి, వారి ఆటలు చాలావరకు ముగిసినవని, ఇవ్వలేదు. కుస్తీ శీతకాలపు ఆట. అదే యేడు అక్టోబరులో, 2020–21 శీతకాలంలో ఆడబోయేవారికి ఆ సంవత్సరాన్ని లెక్కలోనుండి తీసివేసి అదనపు యేడు ఇచ్చినారు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయపు కార్టర్ స్టరోచీ 2021 నుండి 2025 దాకా అయిదుసార్లు జాతీయ విజేత కాగలిగినది అందువల్లనే. అతనిపై నాకు ఈర్ష్య లేదు. అయిదూ గోదాలో గెలుచుకున్నవే. కాని ముందువారికీ వెనుకవారికీ నడుమ, 2020లో ఆఖరి యేడు చదువుతున్న మల్లులు మాత్రం రెండింటికీ కాకుండా పోయినారు. పాట్ లూగో వారిలో ఒకడు. 197 పౌనులలో మొదటి సంఖ్య పొందిన ఓహియో స్టేట్ మల్లుడు కోలిన్ మూర్ ఒకడు. మావాడి స్నేహితుడు ఒకడు.

ఆట చాలావరకు ముగిసినదన్న మాట కుస్తీ తెలిసినవారు అనవలసినది కాదు. నాలుగు నెలలు కడుపు మాడ్చుకొని బరువు దించుకునేది ఆ మూడు రోజుల కొరకు. వరి కోసి కుప్ప వేసిన తరువాత వరద వస్తే, సేద్యం చాలావరకు ముగిసింది గదా అని రైతును సముదాయిస్తామా?

అందుచేత నా వాదంలో సగం వెనుకకు తీసుకొంటున్నాను. కిరీటం ఇవ్వకపోవడం సరియే. కాని ఇవ్వనప్పుడు మరొక యేడు గోదా ఇవ్వవలసింది. అది ఇవ్వకుండా కాగితంమీద బిరుదులు పంచడంవల్ల వచ్చినవాడికీ తృప్తి లేదు, రానివాడికీ వూరట లేదు. జరిగిపోయిన దానిని ఇప్పుడు ఎవరూ దిద్దలేరు. కాని పోటీలు ఆపవలసిన రోజులు ఎక్కడైనా మళ్ళీ రావచ్చును. మన పాఠశాలల పోటీలకూ రావచ్చును, మన పేట తాలీంఖానాలకూ రావచ్చును. అప్పుడు పెద్దలు ముందు చూడవలసినది జాబితాలో మొదటివాణ్ణి కాదు. మరుసటి యేడు రాలేనివాడు ఎవడా అని చూడవలసింది.

మావాడి స్నేహితుడు ఇప్పుడు ఒక బడిలో పిల్లలకు కుస్తీ నేర్పుతున్నాడట. పట్టులో దిగే ముందు ఏ పిల్లవాడికీ వాడి సంఖ్య చెప్పనివ్వడట. మా వస్తాదు బ్రతికి వుంటే అతని భుజం తట్టేవాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పాత గోదా మనిషి,
షోలాపూరు.