దేశాలు తిరిగిన కెప్టెన్

నాలుగైదు దేశాల్లో క్లబ్బులు మారిన ఆటగాణ్ని నిలకడ లేనివాడని తీసిపారేయడం మనకు అలవాటు. హైదరాబాద్ ఎఫ్‌సీ కెప్టెన్‌గా ఆడిన బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జోవావ్ విక్టర్ విషయంలో ఆ మాట నిలవదు. ఉజ్బెకిస్తాన్‌లో బున్యోద్కోర్, స్పెయిన్‌లో మయోర్కా, ఆపైన సైప్రస్, ఖతార్, గ్రీస్ చూసి అతను 2020లో మన దగ్గరికొచ్చాడు. అతను రాకముందు సీజన్లో పట్టికలో అట్టడుగున మిగిలిన ఆ జట్టు, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. ఆ ఘనతలో కోచ్ మనోలో మార్కెజ్‌కీ, మూడు పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ కట్టిమణికీ పెద్ద వాటా ఉంది, నిజమే. అయినా ప్రతిచోటా కొత్త భాషలో, కొత్త సహచరుల మధ్య తన చోటు తాను సంపాదించుకున్నవాడికి, కుర్రాళ్లతో నిండిన జట్టును కుదురుగా నిలబెట్టడం తెలుస్తుంది. అది ఒకే క్లబ్బులో ఎదిగినవాడికి సులభంగా అబ్బే విద్య కాదు. విదేశీయులు మన పిల్లల చోటు లాక్కుంటున్నారన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కానీ కప్పు గెలిచిన ఆ సీజన్ నుంచి మైదానంలో విదేశీయులు నలుగురికి మించకూడదన్నది లీగ్ నిబంధన. ఫైనల్‌లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసిందీ గోవా కుర్రాడు సాహిల్ తవోరానే. మన కడప జిల్లా పిల్లలకు ఆ స్థాయి అందకపోవడానికి కారణం బ్రెజిల్ వాళ్లు కాదు, ఊళ్లలో మైదానాలూ శిక్షకులూ లేకపోవడం. ఇక విధేయత అంటారా, 2023-24లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయినప్పుడు మాట తప్పింది ఆటగాళ్లు కాదు.