మిషను ఇచ్చారు సరే, కత్తెర ఏదీ?

తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె. పేట, తిరువళ్లూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి దగ్గరే కుట్టుపని చేసుకునే అక్కచెల్లెళ్లకు, మహిళా సంఘాల లీడర్లకు, పంచాయతీ పెద్దలకు, ఇంట్లో మిషను ఉన్నా దాని సంగతి పట్టించుకోని మగవాళ్లకు ఈ విన్నపం.

మన ఊళ్లలో ఏ వీధిలోకి వెళ్లినా రెండు మూడు ఇళ్లలో కుట్టు మిషను కనబడుతుంది. కొన్ని పెళ్లప్పుడు సారెతో వచ్చినవి, కొన్ని వాయిదాల మీద కొన్నవి, కొన్ని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినవి. వాటిలో చాలావాటి మీద ఇప్పుడు పాత చీర కప్పి ఉంటుంది. దానిమీద పిల్లల పుస్తకాల సంచులో, మడతపెట్టాల్సిన బట్టలో పడి ఉంటాయి. "నేర్చుకుంది, నాలుగు రోజులు కుట్టింది, మానేసింది" అని ఆ ఇంటి ఆడమనిషి మీదికే తోసేస్తారు. ఆ మాట న్యాయం కాదు. ఆమెకు మిషనూ ఉంది, ఓపికా ఉంది. మిషను చుట్టూ ఉండాల్సిన సామానే లేదు.

అందుకే అడుగుతున్నాం. మిషను ఇచ్చే ప్రతి పథకమూ దానితోపాటు పనిముట్ల పెట్టె ఇవ్వాలి. ఏ ఇల్లూ సొంతంగా కొనలేని పెద్ద మిషన్లను ప్రతి ఊళ్లో ఒక ఉమ్మడి కుట్టు గదిలో పెట్టాలి.

మనది మగ్గాల సీమ. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం, సరిహద్దు దాటితే నగరి, ఏకాంబరకుప్పం. మరమగ్గాల చప్పుడులోనే పుట్టి పెరిగాం. మగ్గం ఇచ్చి నాడె ఇవ్వకపోతే అది మూలన పడుతుందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కుట్టు మిషను విషయంలో మాత్రం ఆ తెలివి ఎవరికీ గుర్తు రావడం లేదు.

ఒక జాకెట్టు కుట్టేటప్పుడు పక్కన కూర్చుని చూడండి. కొలత తీసే టేపు ఏళ్ల నాటి గుడ్డ టేపు. లాగి లాగి సాగిపోయింది. అది ముప్పై నాలుగు అంటే నిజంగా ముప్పై నాలుగు కాదు. గీత గీయడానికి బడిపిల్లాడి సుద్దముక్క. దాని గీతే పావు అంగుళం మందం ఉంటుంది. ఆ గీతకు లోపల కోసినా బయట కోసినా తేడా వస్తుంది. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు ముక్కలకు పావు అంగుళం చొప్పున తప్పితే చుట్టుకొలతలో ఒక అంగుళం పోయినట్టే. కోయడానికి బల్ల లేదు, నేల మీద మోకాళ్లు ఆనించి వంగి కోయాలి. కత్తెర వంటింటిది, పాల ప్యాకెట్లు కోసేది. మొండి కత్తెర బట్టను తెంపదు, నలుపుతుంది. కింది మడత జారిపోతుంది. పై ముక్క ఒక కొలత, కింది ముక్క ఇంకో కొలత. లైనింగు గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టలేదు, కాబట్టి మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి చంక దగ్గర పట్టేస్తుంది. కుట్లు అణిచే ఇస్త్రీ పెట్టె లేదు. అంచులకు ఓవర్‌లాక్ లేదు, లోపల పోగులు లేచి కనబడుతూ ఉంటాయి.

కుట్టించుకున్నామె తిప్పి చూసి "బజారులో కుట్టినట్టు లేదమ్మా" అంటుంది. కూలి తగ్గించి ఇస్తుంది. మరుసటి పండక్కి ఇంకెక్కడికో వెళ్తుంది. పని తెలియక వచ్చిన తిట్టు కాదది, సామాను లేక వచ్చిన తిట్టు. నాలుగైదుసార్లు ఆ మాట పడ్డాక ఎవరికైనా చేయి వెనక్కే పోతుంది.

సూది సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మానేసిన మిషన్లలో సగం జబ్బు అక్కడే ఉంటుంది. మిషను సూదికి నంబరు ఉంటుందనే చాలామందికి ఎవరూ చెప్పలేదు. పల్చటి వాయిలు, క్రేపు, పట్టుకు 11. మామూలు నూలు గుడ్డకు 14. ప్యాంటు, జీన్స్ లాంటి మందపు బట్టకు 16. సంచులకు 18. ప్యాకెట్టు మీద 14 పక్కన 90 అని కూడా ఉంటుంది. సూది మందం మిల్లీమీటరులో నూటికి తొంభై వంతులు, అంటే 0.9 మిల్లీమీటరు అని దాని అర్థం. పట్టు మీద 16 సూది నడిపితే చిల్లులు కనబడతాయి. జీన్స్ మీద 11 నడిపితే విరుగుతుంది. ఎనిమిది పది గంటలు కుట్టాక సూది మొన అరిగిపోతుంది, మార్చాలి. మనవాళ్లు విరిగేదాకా మార్చరు. ఇంటి పక్కన దొరకదు, ఒక్క సూది కోసం బజారుకు పోయేదెవరు? అరిగిన సూది కుట్లు దాటేస్తుంది. పై దారం సరిగా ఎక్కించకపోతే కింద గూడు కట్టినట్టు చుట్టుకుపోతుంది. "మిషను పాడైంది" అని చీర కప్పేస్తారు. చెడింది మిషను కాదు, నాలుగు రూపాయల సామాను.

నూనె కూడా అంతే. మిషను నూనె లేదని కొబ్బరినూనె పోస్తారు. మార్గళి చలికి అది పేరుకుంటుంది, దూది పోగులతో కలిసి జిగురవుతుంది, చక్రం బిగుసుకుంటుంది. కొబ్బరినూనె పోసిన మిషనును విప్పి కిరసనాయిలుతో కడిగే పని ఎంత కష్టమో మెకానిక్కుని అడగండి.

మరి ఆ పెట్టెలో ఏముండాలి? ముందుగా గుడ్డకు మాత్రమే వాడే తొమ్మిది, పది అంగుళాల మంచి కత్తెర. కత్తెరలకు పేరు మీరట్‌ది. 2013లో ఆ కత్తెరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొద్దుబారితే సాన పట్టించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. దారాలు తెంపే చిన్న కత్తెర వేరే. సాగని ఫైబర్ టేపు, పల్చటి టైలరు సుద్ద, మూల గీయడానికి ఎల్ స్కేలు, చంక వంపుకు కర్వు స్కేలు. గుండు సూదులు, చేతి సూదులు, హెమ్మింగు చేసేటప్పుడు వేలికి గుచ్చుకోకుండా తొడుగు. తప్పు కుట్టు విప్పడానికి రిప్పరు. ఇది లేకనే బ్లేడుతో విప్పబోయి బట్ట కోసుకుంటున్నారు, వేలూ కోసుకుంటున్నారు. మూడు నంబర్ల మిషను సూదులు, అర డజను బాబిన్లు, అదనంగా ఒక బాబిన్ కేసు, స్క్రూడ్రైవరు, నూనె డబ్బా, దుమ్ము దులిపే చిన్న బ్రష్షు. వీటితో ఒక ఇస్త్రీ పెట్టె. ఇస్త్రీ పెట్టెను పక్కన పెడితే మిగతా సామానంతా మిషను ఖరీదులో చిన్న భాగం. ఆ చిన్న భాగం లేకనే పెద్ద ఖర్చంతా వృథా అవుతోంది.

తమిళనాడులో సత్యవాణి ముత్తు అమ్మయ్యార్ పేరుతో ఉచిత కుట్టు మిషను పథకం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. భర్త పోయినవాళ్లకు, భర్త వదిలేసినవాళ్లకు, వికలాంగులకు, పేదింటి ఆడవాళ్లకు అది అండ. దాన్ని తప్పుపట్టడం లేదు, చేతులెత్తి మొక్కుతున్నాం. ఆ పథకంలోనే ఇంకొక్క వరుస చేర్చమంటున్నాం: మిషనుతో పెట్టె.

పనిముట్లను విడిగా లెక్క కట్టవచ్చని కేంద్రం ఒప్పుకుంది కూడా. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకని అందులో 15,000 రూపాయల దాకా ఉంది. తమిళనాడు ప్రభుత్వం ఆ పథకాన్ని ఆ రూపంలో అమలు చేయబోమని 2024 నవంబరులో చెప్పింది. కులవృత్తుల గురించి దాని అభ్యంతరాలు దానికున్నాయి. ఆ వాదంలో మనం దిగవద్దు. అందులోని ఒక్క ఆలోచన, పనిముట్టుకు డబ్బు విడిగా ఇవ్వాలన్నది, మన రాష్ట్ర పథకంలోకి తెచ్చుకుంటే చాలు. ఆంధ్రలో 2020లో వచ్చిన జగనన్న చేదోడు ఏడాదికి 10,000 ఇచ్చింది గానీ, దుకాణం ఉన్న దర్జీకే. ఇంట్లో కూర్చుని కుట్టే మనిషి ఏ లెక్కలోకీ రాలేదు. మన దగ్గర ఆ తప్పు జరగకూడదు.

ఇక ఉమ్మడి గది. ఓవర్‌లాక్ మిషను, పీకో మిషను, నిలబడి కోసుకునేంత ఎత్తు బల్ల, దాని పైన మంచి లైటు. ఒక ఇంటికి ఇవి భారం, ఊరికి కావు. ఇప్పుడు ఏం జరుగుతోంది? చీరకు ఫాలు కుట్టి, పీకో కోసం తిరుత్తణి బజారుకో తిరువళ్లూరుకో పట్టుకెళ్తున్నారు. 2021 నుంచి ఆడవాళ్లకు టౌను బస్సు ఉచితం కాబట్టి ఛార్జీ పోదు. పోయేది పూట. ఇచ్చి రావడానికి ఒక పూట, తెచ్చుకోవడానికి ఇంకో పూట. ఆ రెండు పూటల్లో ఇంకో జాకెట్టు అయిపోయేది. పైగా పీకో డబ్బు బజారు వాడికి.

గదికి కొత్త కట్టడం అక్కర్లేదు. చాలా ఊళ్లలో పంచాయతీ సేవా కేంద్రమో, తాళం వేసిన గ్రంథాలయం గదో ఉంది. కరెంటు, గది పంచాయతీది. మిషన్లకు ఎమ్మెల్యే నియోజకవర్గ నిధిని అడగవచ్చు, లేదా సంఘం బ్యాంకు రుణం తీసుకోవచ్చు. తాళంచెవి సంఘం దగ్గర ఉండాలి, ఒక్క మనిషి దగ్గర కాదు. పీకోకు, ఓవర్‌లాక్‌కు చిన్న రుసుము పెట్టి పుస్తకంలో రాస్తే సూదులకు, నూనెకు, రిపేరుకు అదే సరిపోతుంది. దారం, బాబిన్లు, ఊక్సులు లాంటివి సంఘమే ఒకేసారి తెప్పించుకోవాలి. తిరుత్తణి నుంచి మద్రాసుకు లోకల్ రైలుంది. సౌకార్‌పేటలో టోకు ధరకు దొరికే సామాను ఇక్కడ చిల్లరగా ఎందుకు కొనాలి?

భాష సంగతి కూడా చెప్పి తీరాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు వైపు మన సీమ చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇళ్లలో తెలుగు ఉంది, బళ్లలో తమిళం ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలు తమిళం చదువుతారు. కానీ నగరి నుంచి, పుత్తూరు నుంచి, సత్యవేడు నుంచి ఇక్కడికి కోడళ్లుగా వచ్చినవాళ్లకు తెలుగు చదువే వచ్చు. మిషనుతో వచ్చే చిన్న పుస్తకం వాళ్లకు అక్కరకు రాదు. పెట్టెలో ఒక్క తెలుగు కాగితం పెట్టండి: సూది నంబర్లు, దారం ఎక్కించే దారి, నూనె వేసే చోట్లు, బొమ్మలతో. శిక్షణ ఇచ్చేటప్పుడు తమిళంతోపాటు తెలుగులోనూ చెప్పండి. ఇందులో ఏ భాష మీదా పంతం లేదు. అర్థమైతే చేయి కదులుతుంది, అంతే.

"రెడీమేడు వచ్చాక ఇంకా కుట్టేదెవరు?" అని అడుగుతారు. జాకెట్టు రెడీమేడులో ఎవరి ఒంటికి అతికింది? చుడీదారు కొన్నా చేతులు, నడుము సరిచేయించుకోవాల్సిందే. మధ్యాహ్న భోజన పథకం పిల్లలకు ప్రభుత్వం ఏటా ఇచ్చే నాలుగు జతల యూనిఫారాలు మహిళా కుట్టు సహకార సంఘాల ద్వారానే కుట్టిస్తారు. ఓవర్‌లాక్, మంచి బల్ల ఉన్న ఊరు ఆ పని అడగగలదు, లేని ఊరు అడగలేదు. ఇక సంచుల సంగతి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. 2021 డిసెంబరులో "మీండుం మంజప్పై" అంటూ పసుపు సంచిని మళ్లీ చేతపట్టమని ప్రభుత్వమే చెప్పింది. ఆడి కృత్తికకు మన తిరుత్తణి కొండకు కావళ్లతో వచ్చే జనం ఎంతో తెలుసు కదా. వాళ్ల చేతిలో ఉండే పసుపు సంచి మన ఊళ్లలో కుట్టింది ఎందుకు కాకూడదు? 18 నంబరు సూది, గట్టి దారం, కోసే బల్ల ఉంటే సంచి కుట్టడం కొత్తగా నేర్చినవాళ్లకు కూడా కష్టం కాదు.

"పెట్టె ఇస్తే అమ్ముకుంటారు" అనేవాళ్లూ ఉంటారు. ఎవరో ఒకరు అమ్ముకుంటారేమో. అందుకని పదిమందికి కత్తెర లేకుండా చేయడం ఏం న్యాయం?

1924లో గాంధీగారు యంత్రాల మీద తన విమర్శను వివరిస్తూ, సింగర్ కుట్టు మిషనును మాత్రం దాని నుంచి మినహాయించారు. మనిషిని పనిలోంచి తోసేయకుండా, మనిషి కష్టాన్ని తగ్గించే యంత్రమని ఆయన దాన్ని మెచ్చుకున్నారు. ఆ మాట నిలబడాలంటే యంత్రం నడవాలి కదా.

అక్కచెల్లెళ్లారా, గ్రామసభ జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1న జరుగుతుంది. మీ ఊళ్లో ఈసారి జరిగే సభకు ఇంటికొకరు చొప్పున వెళ్లండి. రెండు తీర్మానాలు అడగండి: ఉచిత మిషనుతో పనిముట్ల పెట్టె ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతూ ఒకటి, ఉమ్మడి కుట్టు గదికి చోటు కేటాయిస్తూ ఒకటి. నోటిమాటతో వదలకండి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా అక్కడే కూర్చోండి, రాసింది చదివించుకుని సంతకం పెట్టండి. తిరుత్తణి, తిరువళ్లూరు మునిసిపాలిటీల వాళ్లు, పళ్లిపట్టు, పొదటూరుపేట పట్టణ పంచాయతీల వాళ్లు మీ వార్డు కౌన్సిలరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మగవాళ్లు ఆ రోజు ఇంటిపని చూసుకుని ఆడవాళ్లను సభకు పంపండి.