వచ్చింది కాదు, వచ్చాడు



మార్చి నెలలో మా శనివారం తెలుగు క్లాసులో ఒక అభ్యాసం ఇచ్చారు. "మీ కుటుంబం గురించి ఐదు వాక్యాలు చెప్పండి." క్లాసులో మేము తొమ్మిది మందిమి. అందరం అరవై దాటినవాళ్ళమే. డర్బన్‌లో పుట్టి, ఇంగ్లీషు బడిలో చదువుకుని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడి, తెలుగు అంటే అవ్వ తిట్లూ అమ్మ పాటలూ మాత్రమే గుర్తున్నవాళ్ళం.

మా తమ్ముడు నా పక్కనే కూర్చుంటాడు. వాడి వంతు వచ్చింది. లేచి నిలబడి చెప్పాడు. "నా భార్య రిటైరైన నర్సు. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి టీచరు. పెద్దమ్మాయి మా పక్క వీధిలో ఉంటుంది. రెండో బిడ్డ కేప్ టౌన్‌లో."

టీచరుగారు కాసేపు చూశారు. "కేప్ టౌన్‌లో... తర్వాత? క్రియ ఏదండీ?"

"అంతేనండి" అని కూర్చున్నాడు.

వాడు ఆ క్రియను ఎందుకు మింగేశాడో ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు. క్రియ పెడితే "ఉంటుంది" అనాలి, లేకపోతే "ఉంటాడు" అనాలి. "ఉంటుంది" అంటే అబద్ధం అవుతుంది. "ఉంటాడు" అనడానికి వాడికి నోరు రావడం లేదు. "బిడ్డ" అనే మాటలో ఆడా లేదు, మగా లేదు. ఆ మాట వెనక దాక్కున్నాడు.

మా తమ్ముడి రెండో బిడ్డ పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. ఆడపిల్ల పేరు పెట్టాం. నేను "మేనకోడలు" అనేదాన్ని. ఇరవై నాలుగేళ్ళ వయసులో, కేప్ టౌన్‌లో ఉద్యోగం చేస్తూ, ఒక రోజు ఫోన్ చేసి చెప్పాడు. "నేను మగవాణ్ణి. చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఇక అలాగే బతుకుతాను." ఇలాంటి వ్యక్తిని ట్రాన్స్ పురుషుడు అంటారు. నేను ఇప్పుడు "మేనల్లుడు" అంటాను. ఇది రాయడానికి వాడి అనుమతి అడిగాను. "రాయి అత్తా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే ఇక్కడ ఎవరి పేరూ ఉండదు.

ఆ ఫోన్ తర్వాత ఆరేళ్ళు ఇంటికి రాలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. 2022 డిసెంబరులో వాళ్ళ అమ్మకు, అంటే మా మరదలికి, గుండె ఆపరేషన్ అని తెలిసి తనే వచ్చాడు. గడ్డంతో, బరువైన గొంతుతో చాట్స్‌వర్త్‌లోని ఇంటి తలుపు దగ్గర నిలబడ్డాడు. మా మరదలు గట్టిగా పట్టుకుని ఏడ్చింది. కొత్త పేరు ఆమె నోటికి రాలేదు. పాత పేరు పిలవడానికి మనసు ఒప్పలేదు. "కన్నా, కన్నా" అంటూ ఉంది. మా తమ్ముడు మాత్రం "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగి, వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

నేను ఇరవై ఏళ్ళుగా మా గుడిలో సేవ చేస్తున్నాను. శుక్రవారాల్లో అర్చన టేబుల్ దగ్గర కూర్చుని పేరు, గోత్రం, నక్షత్రం రాసుకోవడం నా పని. ఆ కాగితం చూసి అయ్యగారు సంకల్పంలో పేర్లు చదువుతారు. మీలో చాలామంది విని ఉంటారు కానీ గమనించి ఉండరు. మగవాళ్ళ పేరు తర్వాత "నామధేయస్య" అంటారు. ఆడవాళ్ళ పేరు తర్వాత "నామధేయవత్యాః" అంటారు.

ఆపరేషన్ ముందు శుక్రవారం కుటుంబమంతా వచ్చారు. మా తమ్ముడు టేబుల్ దగ్గరికి వచ్చి పేర్లు చెప్పాడు. రెండో బిడ్డకు పాత పేరు చెప్పాడు. నాకు కొత్త పేరు తెలుసు. అయినా పాత పేరే రాశాను. గుడిలో గొడవ ఎందుకు అనుకున్నాను. అయ్యగారు ఆ పేరు గట్టిగా చదివి "నామధేయవత్యాః" అన్నారు. చుట్టుపక్కలవాళ్ళు ఆ అమ్మాయి ఎక్కడ అని తలలు తిప్పి చూశారు. అక్కడ పంచె కట్టుకుని, గడ్డంతో ఉన్న అబ్బాయి నేల వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

తర్వాత నేను ప్రసాదం తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాను. ఒక్కడే కూర్చుని ఉన్నాడు. "అత్తా, దేవుడి ముందు లేని మనిషి పేరు చదివించావు" అన్నాడు. కాస్త ఆగి, "నక్షత్రం మాత్రం కరెక్టుగా రాశావులే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

మన చరిత్ర తెలిసిన నేను అలా చేయకూడదు. మనవాళ్ళు 1860 నుంచి మద్రాసులో ఓడలెక్కి నేటాల్ చెరుకు తోటలకు వచ్చారు. ఇక్కడి తెల్లవాళ్ళు భారతీయ మగవాడు ఎవరు కనిపించినా "సామీ" అని పిలిచేవాళ్ళు. ఆడమనిషి ఎవరు కనిపించినా "మేరీ" అనేవాళ్ళు. మా తాత పేరు సామి కాదు. కానీ ఆయన పనిచేసినన్నాళ్ళూ సామీయే. ముసలితనంలో కూడా ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. తిట్టారని కాదు ఆయన బాధ. "నా పేరు వాళ్ళకు తెలుసు, అయినా పిలవలేదు" అనేవాడు. ఆ శుక్రవారం నేను చేసింది కూడా అదే.

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాతి శుక్రవారం మళ్ళీ అందరూ వచ్చారు. ఈసారి తమ్ముడు ఏం చెప్పినా నేను కొత్త పేరు రాశాను. అదే గోత్రం, అదే నక్షత్రం. అయ్యగారు "నామధేయస్య" అని చదివి తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. దీపం ఆరిపోలేదు. కమిటీలో ఒకాయన మాత్రం నా దగ్గరికి వచ్చి "ఇది సరైనదేనా?" అని అడిగారు. "ఇరవై ఏళ్ళలో నేను ఈ టేబుల్ దగ్గర ఎవరినీ బర్త్ సర్టిఫికెట్ అడగలేదండి" అన్నాను. మా తమ్ముడు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. క్లాసులో వేరే బెంచీలో కూర్చున్నాడు.

నిజానికి కాగితం అడిగినా వాడి దగ్గర ఉంది. మన దేశంలో 2003 నాటి 49వ నంబరు చట్టం ప్రకారం జనన రికార్డులో లింగం మార్పించుకోవచ్చు. డాక్టర్ల రిపోర్టులు పెట్టి దరఖాస్తు చేయాలి. మన ఐడీ నంబరులో 13 అంకెలు ఉంటాయి కదా. మొదటి ఆరు పుట్టిన తేదీ. తర్వాతి నాలుగు 5000 కంటే తక్కువైతే స్త్రీ, 5000 గానీ ఆ పైన గానీ అయితే పురుషుడు. మేనల్లుడు కొత్త కార్డు చూపించి, ఏడో అంకె మీద వేలు పెట్టి, "ఈ ఒక్క అంకె కోసం ఎంత తిరిగానో" అన్నాడు.

మనలాంటి తెలుగు విద్యార్థులు గర్వంగా చెప్పుకునే విషయం ఒకటుంది. 1996లో మండేలా సంతకం చేసిన మన రాజ్యాంగంలో ఆరో సెక్షన్‌లో తెలుగు పేరు ఉంది. ఈ భాషకు గౌరవం కలిగేలా చూడాలని రాసి ఉంది. మా క్లాసు గోడ మీద ఆ వాక్యం అతికించాం. కానీ మూడు సెక్షన్లు ముందుకు వెళ్ళి చదవండి. తొమ్మిదో సెక్షన్‌లో లింగం, జెండర్, లైంగికత కారణంగా ఎవరిపైనా వివక్ష చూపకూడదని ఉంది. ఆరు మనకు కావాలి, తొమ్మిది వద్దు అంటే ఎలా?

"ఇది తెల్లవాళ్ళ ఫ్యాషన్, మన సంస్కృతిలో లేదు" అని గుడిలో కొందరు అంటారు. వాళ్ళు ప్రతి ఏడాదీ మహాభారతం వింటారు. ద్రుపదుడికి ఆడపిల్ల పుట్టింది. శివుడి మాట నమ్మి ఆ బిడ్డను కొడుకుగా పెంచాడు, కొడుక్కి చేసే సంస్కారాలన్నీ చేయించాడు. పెళ్ళయ్యాక నిజం బయటపడింది. పెళ్ళికూతురి తండ్రి యుద్ధానికి వస్తానన్నాడు. ఆ బిడ్డ చనిపోదామని అడవికి వెళ్ళింది. అక్కడ ఒక యక్షుడు తన పురుషత్వం ఇచ్చాడు. శిఖండి మగవాడై ఇంటికి తిరిగి వచ్చాడు. తండ్రి ఏం చేశాడు? సంతోషించాడు. ఈ కథ ఉద్యోగ పర్వంలో ఉంది. మనం కథ మరిచిపోయి, శిఖండి పేరును మాత్రం తిట్టుగా ఉంచుకున్నాం. మన పెద్దలు వచ్చిన దేశంలో కూడా, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చింది.

మా తమ్ముడు చెడ్డవాడు కాదు. మళ్ళీ మాటలు కలిసిన రోజు నాతో అన్నాడు. "అక్కా, నేను ఒక కూతుర్ని పోగొట్టుకున్నాను. నేను ఏడవకూడదా?" ఏడవచ్చు. ఆ దుఃఖం నిజమైనదే. ఆ గౌను ఫోటోలు, ఆ జడలు నాకూ గుర్తున్నాయి. మేనల్లుడు కూడా ఆ ఫోటోలు తీసేయమని అనలేదు. "అవి నా ఫోటోలే" అన్నాడు. కానీ బిడ్డ చనిపోలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. బతికి ఉన్న మనిషి ముందు కూర్చుని అతని కోసం సంతాపం చేయకండి. అక్క దగ్గర ఏడవండి, స్నేహితుడి దగ్గర ఏడవండి.

తమ్ముడు ఇంకొకటి కూడా అన్నాడు. "నాకు టైం కావాలి. ముందు అర్థం కావాలి. అర్థమయ్యాక ఆ పేరుతో పిలుస్తాను." చాలా కుటుంబాలు ఇదే అంటాయి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. ఎందుకో మీకు బాగా తెలుస్తుంది, ఎందుకంటే మీరు కూడా ఒక భాష నేర్చుకుంటున్నారు.

నా తెలుగు వాచకం నలభై ఏళ్ళు అలమారాలో ఉంది. టైం ఇచ్చాను కదా? నలభై ఏళ్ళ టైం! ఒక్క వాక్యం కూడా రాలేదు. నోరు తెరిచి, తప్పు మాట్లాడి, నలుగురిలో నవ్వులపాలైన రోజు నుంచే తెలుగు రావడం మొదలైంది. వ్యాకరణం అంతా అర్థమయ్యాక మాట్లాడదామని కూర్చున్నవాళ్ళు మా క్లాసులో ఇద్దరు ఉండేవాళ్ళు. ఇప్పుడు రావడం లేదు. ముందు పలకాలి, అర్థం తర్వాత వస్తుంది. మనిషి విషయంలో కూడా అంతే. ఆరేళ్ళు ఊరికే గడిస్తే తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. మేనల్లుడు మాత్రం ఆరు దీపావళులు ఒంటరిగా చేసుకున్నాడు.

మీ ఇంటికి ఇలా ఎవరైనా తిరిగి వస్తుంటే, నేను నేర్చుకున్నది చెబుతాను. ఎదురుగా మాట్లాడేటప్పుడు తెలుగు చాలా దయగల భాష. "ఎప్పుడు వచ్చావు? తిన్నావా?" ఈ క్రియల్లో ఆడా మగా తేడా లేదు. కాబట్టి ఎదురుగా మాట్లాడకపోవడానికి ఏ సాకూ లేదు. ఆ మనిషి పక్కన లేనప్పుడు మనం ఏమంటామో, పరీక్ష అక్కడ ఉంది. "వచ్చింది" అంటామా, "వచ్చాడు" అంటామా? మరీ కష్టంగా ఉంటే కొన్నాళ్ళు "వచ్చారు" అనండి, గౌరవం ఎక్కువైతే నష్టం లేదు. కానీ అక్కడే ఆగిపోకండి. నోరు జారితే వెంటనే దిద్దుకుని ముందుకు వెళ్ళండి. పది నిమిషాలు క్షమాపణ చెబితే, చివరికి వాళ్ళే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. మా టీచరుగారు మన తప్పులను దిద్దినట్టు, తేలికగా దిద్దుకోండి.

ఆగస్టులో మేనల్లుడు మళ్ళీ వచ్చి ఒక వారం ఉన్నాడు. ఆ తర్వాతి క్లాసులో అభ్యాసం "గత వారం మా ఇంట్లో". మా తమ్ముడు లేచాడు. పుస్తకం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "మావాడు కేప్ టౌన్ నుంచి వచ్చింది" అన్నాడు.

టీచరుగారు విజయవాడ నుంచి వచ్చి రెండేళ్ళే అయింది. ఆమెకు మా ఇంటి సంగతులు తెలియవు. "'మావాడు' అన్నారు కదండీ, అప్పుడు 'వచ్చింది' కాదు, 'వచ్చాడు' అనాలి. మళ్ళీ చెప్పండి."

తమ్ముడు నా వైపు చూడలేదు. "మావాడు వచ్చాడు" అన్నాడు.

"బాగుంది" అని ఆమె తర్వాతి వాళ్ళను పిలిచారు.

అన్నీ సరిపోయాయని చెప్పను. మొన్న ఆదివారం కూడా ఇంట్లో పాత పేరు అన్నాడు. మా మరదలు దిద్దింది. మళ్ళీ అన్నాడు, ఈసారి తనే దిద్దుకున్నాడు. డిసెంబరుకు టికెట్ కొన్నానని మేనల్లుడు మెసేజ్ పెట్టాడు.

నా తెలుగులో తప్పులుంటే చెప్పండి. దిద్దుకుంటాను.