తీర్పు దొరికితే చాలదు, అందాలి

ఆలంపూర్ ప్రాంతంలో ఆస్తిహక్కు గురించి మాట్లాడినప్పుడల్లా నేను వినే మాట ఒకటే: "అన్నదమ్ములు ఎప్పుడో నోటిమాటతో పంచేసుకున్నారు, ఇంక మాకేముంది?"

దీనికి జవాబు సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో చెప్పింది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కుంది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదు. నోటిమాట పంపకాన్ని కోర్టులు మామూలుగా ఒప్పుకోకూడదు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన లేదా కోర్టు డిక్రీ పొందిన పంపకాలు, అప్పటికే జరిగిన అమ్మకాలు చెల్లుతాయి. ఈ రెండో మాట చెప్పకుండా ఆశ పెట్టడం అన్యాయం.

తీర్పు ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లోనూ, చట్టం ఇండియా కోడ్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. సెల్‌ఫోన్ చాలు. కానీ ఆ కోర్టు ఇంగ్లీషు ఎంతమంది చదవగలరు?

అందుకే ప్రతి మహిళా సంఘంలో ఇద్దరైనా ఈ పని నేర్చుకోవాలంటాను. సవరణలతో సహా చట్టం చూడాలి. తర్వాతి తీర్పులు దాన్ని మార్చాయేమో సరిచూడాలి. తెలుగులో ఒక పేజీ రాసి ఊళ్లో చదివి వినిపించాలి. ఆ కాగితంతో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరూ ఉచిత న్యాయసహాయానికి అర్హులే.

"నీకు హక్కు లేదు" అన్నవాళ్లను "ఏ చట్టం, ఏ తీర్పు?" అని మన ఆడవాళ్లు నిలదీసి అడగగలగాలి.