పాడైన ఫ్రిజ్జు: నేటి ధాన్యరాశి

ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం, లోహాసవం – వీటిలో ఏదో ఒక సీసా లేని మధ్యతరగతి గృహం మన నూజివీడు ప్రాంతంలో అరుదు. అయితే ఆ సీసా కనిపించే చోట్లు సాధారణంగా రెండే. ఒకటి వంటింటిలో పొయ్యి పక్కనున్న అలమార. రెండవది నడుస్తున్న ఫ్రిజ్జు తలుపులోని అర. ఈ రెండూ తగిన చోట్లు కావు. తగిన చోటు ఒకటి అనేక గృహాలలో వ్యర్థంగా పడి ఉన్నది. అదే కంప్రెసరు చెడిపోయి, పాత సామానుల వానికి తూకానికి వేయడానికి సిద్ధంగా ఉన్న పాత ఫ్రిజ్జు. దానిని కరెంటు లేకుండానే ఆసవాల పెట్టెగా వాడుకొనవచ్చునని నా అభిప్రాయం.

ముందుగా ఆసవారిష్టాల స్వభావం తెలుసుకొనాలి. ఓషధులను కాచకుండా సంధానం చేసినది ఆసవం. కషాయం కాచి సంధానం చేసినది అరిష్టం. ధాన్యం, ఫలం, మూలం, సారం, పుష్పం, కాండం, పత్రం, త్వక్కు, శర్కర అను తొమ్మిదింటి నుండి పుట్టే 84 ఆసవాలను చరకసంహిత పేర్కొన్నది. బెల్లం, ధాతకీ పుష్పాలు మొదలైనవి చేర్చి పులియబెట్టినపుడు వీటిలో మద్యం తనంతట తానే జనిస్తుంది. అది సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు ఉంటుంది. ఓషధుల సారాన్ని గ్రహించేదీ, మందును చెడకుండా కాపాడేదీ ఆ మద్యమే. చూర్ణం రెండు నెలలకే గుణహీనమవుతుందనీ, ఆసవం మాత్రం పాతబడినకొద్దీ గుణవంతమవుతుందనీ శార్ఙ్గధరుని మతం. అయితే ఈ మాట సరిగా నిలువచేసిన ఆసవానికే వర్తిస్తుంది.

సరిగా నిలువచేయడం అనగా నేమి? గురుకులంలో మేము సంధాన భాండానికి లోపల నెయ్యి పూసి, ధూపం వేసి, మూతికి మట్టిగుడ్డ బిగించి, ధాన్యరాశిలో పాతిపెట్టేవారము. గింజల నడుమ నిలిచిన గాలి వేడిని త్వరగా పోనివ్వదు, రానివ్వదు. పగటి ఎండ, రాత్రి చలి భాండాన్ని తాకవు. మన ప్రాంతంలో రసాలను వరిగడ్డిలో మగ్గబెట్టే రైతులకు ఈ సూక్ష్మం అనుభవంలో ఉన్నదే. ఫ్రిజ్జు గోడలోనూ ఇదే సూత్రం ఉన్నది. బయటి రేకుకు, లోపలి ప్లాస్టిక్కుకు మధ్య నురగ పదార్థమో, గాజు ఊలో దట్టించి ఉంటుంది. యంత్రం ఆగిపోయినా ఆ గోడ పని ఆగదు. హైదరాబాదు ఆల్విన్ వారి కాలపు బరువైన పెట్టెలు నేటికీ కొన్ని ఇళ్ళలో ఉన్నవి. వాటిని తూకానికి వేస్తే వచ్చే డబ్బు స్వల్పం.

నడుస్తున్న ఫ్రిజ్జులో పెడితే తప్పేమని అడుగవచ్చును. ఆసవానికి కావలసినది అతిశీతలం కాదు, నిలకడ. చలికి మడ్డి అధికంగా పేరుకొంటుంది. మాటిమాటికీ తీసి పెట్టడం వలన సీసాకు చెమ్మ పట్టి, మందు పేరు, తేదీ ఉన్న చీటీ చెరిగిపోతుంది. పైగా జఠరాగ్నిని పెంచవలసిన మందును మంచువలె చల్లగా పుచ్చుకొనడం ఉచితం కాదు. విదేశాలలో ద్రాక్షాసారాయిని నిలువచేసేవారు సైతం దానిని సుమారు 12, 13 డిగ్రీల వద్ద, చీకటిలో, కదలిక లేకుండా ఉంచుతారు. అందుకొరకు కొందరు పాత ఫ్రిజ్జుకు వేరే థర్మోస్టాటు బిగించుకొంటారు. మన ఔషధానికి అంత వ్యయం అనవసరం.

ఒక హెచ్చరిక. కరెంటు లేని పెట్టె తనంతట తాను చల్లబరచదు. ఎండవేడి లోపలికి చేరడాన్ని ఆలస్యం మాత్రమే చేస్తుంది. 40 డిగ్రీలు దాటే మే నెలలో దానిని డాబా మీది గదిలో ఉంచితే ప్రయోజనం లేదు. ఇంటిలో మిక్కిలి చల్లని, నీడగల గదిలో ఉంచాలి. తెల్లవారుజామున కొద్దిసేపు తలుపు తీసి, పొద్దెక్కకముందే మూయాలి. క్రింది అరలలో మూత బిగించిన నీళ్ళ సీసాలు నిండుగా పేర్చితే వేడి హెచ్చుతగ్గులు మరింత తగ్గుతవి.

పెట్టెను సిద్ధం చేసేటపుడు గొట్టాలను సుత్తితో కొట్టరాదు, కోయరాదు. పాత ఫ్రిజ్జులలోని వాయువు ఓజోను పొరకు చేటు. ఇటీవలి వాటిలో మండే వాయువు ఉండవచ్చును. తెలిసిన మెకానిక్కుచేతనే వాయువును, కంప్రెసరును తీయించాలి. లోపల వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, తలుపు తీసి రెండు, మూడు రోజులు ఆరనివ్వాలి. లోపల ప్లాస్టిక్కు ఉన్నది గనుక భాండానికి వేసినట్లు ధూపం వేయరాదు. తలుపు రబ్బరు చీలి ఉంటే మార్పించాలి. సీసాలను నిలువుగా ఉంచాలి.

అన్నింటికన్న ముఖ్యమైనది పసిపిల్లల రక్షణ. పాతకాలపు బిగింపు గొళ్ళెం గల ఫ్రిజ్జులో దూరి, తలుపు పడి, ఊపిరాడక పిల్లలు మరణించిన కారణంగానే అమెరికాలో లోపలినుండి తెరుచుకొనే తలుపు ఉండాలని 1956లో చట్టం చేసినారు. కావున ఆ గొళ్ళెం ఊడదీయించాలి. అరలను కదలకుండా బిగించాలి. బయట చిన్న తాళం వేసి, తాళంచెవి పెద్దల వద్ద ఉంచాలి.

ఈ తాళం ఇంటిలోని పెద్దలకు సైతం అవసరమే. సారాయికి వ్యతిరేకంగా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఉద్యమించిన నేల మనది. ఆసవం పేరిట గ్లాసుడు త్రాగడం వైద్యం కాదు. సామాన్య మోతాదు 12 నుండి 24 మిల్లీలీటర్లు, సమానంగా నీరు కలిపి, భోజనానంతరం. గర్భిణులు, కాలేయ వ్యాధిగలవారు, మధుమేహులు వైద్యుని అడుగక పుచ్చుకొనరాదు. త్రాగుడు మానడానికి డైసల్ఫిరం వాడుతున్నవారు ఆసవారిష్టాలను బొత్తిగా ముట్టరాదు. వికటించి ప్రాణాపాయం కలుగవచ్చును.

సీసా తెరచినపుడు బుస్సుమని గాలి వచ్చినా, పైన బూజు తేలినా, ఘాటైన పులుపు వాసన కొట్టినా ఆ మందును పారబోయాలి. అది శుక్తమైనది గాని ఆసవం కాదు. సీసాపై అచ్చువేసిన గడువు తేదీని కూడా చూసుకొనాలి.

డబ్బు పోసి కొన్న మందు పొయ్యివేడికి చెడిపోతే, రోగి నిందించేది వైద్యాన్నే. వేసవి రాకమునుపే గృహిణులు తమ సీసాల చోటును ఒకసారి పరిశీలించవలసినదిగా నా మనవి. పాత ఫ్రిజ్జు లేనివారు కొత్తగా ఏదీ కొననక్కరలేదు. చల్లని గదిలో, నేలకు దగ్గరగా, మూతగల చెక్కపెట్టెలో ఊక పోసి అందులో సీసాలు నిలిపినా చాలును.