మన లెక్క మనకే చదివి వినిపించాలి



ఏ సర్వే నంబరులో ఏ పంట వేశాం, ఏ రకం వేశాం, నీరు బోరుదా కాలువదా, భూమి సొంతమా కౌలా, ఆధార్ నంబరు ఎంత, బ్యాంకు ఖాతా ఏది - ఇవన్నీ ఇప్పుడు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. చేలో ఫొటో తీస్తారు, వేలిముద్ర తీసుకుంటారు. ఆ వివరాలు మండలానికి, జిల్లాకు, అమరావతికి, ఢిల్లీకి నిమిషాల్లో చేరతాయి. తన గురించి ఏం రాసుకున్నారో చూడాలంటే మాత్రం మాడుగుల రైతు పొలం పని మానుకొని ఆఫీసుల చుట్టూ తిరగాలి. సమాచారం పైకి పరుగెడుతోంది, కిందికి దిగడం లేదు. మన గొడవ దీని మీదే.

"అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా" అనేది అధికారుల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు. ఎవరికి ఉంది? కొండ దిగువ గూడెంలో సిగ్నల్ అందని గిరిజన రైతుకా? ఫోన్‌లో ఓటీపీ చూడడానికి కొడుకు మీద ఆధారపడే అరవై ఏళ్ల అవ్వకా? పోర్టల్‌లో పెట్టడంతో పని అయిపోయిందనుకుంటే, కల్లంలో ధాన్యం కుప్ప పోసి ఇంట్లో అన్నం ఉడికిందని చెప్పుకున్నట్టే.

ముందు ఈ-క్రాప్ సంగతి చూద్దాం. ధాన్యం ప్రభుత్వానికి అమ్మాలన్నా, తుపానుకు పంట పోయి పెట్టుబడి రాయితీ రావాలన్నా, పంట బీమా పరిహారం అందాలన్నా ఈ-క్రాప్ నమోదే ఆధారం. అందులో పేరు లేకపోతే చేలో పంట ఉన్నా లెక్కలో లేనట్టే. వరి వేసిన చోట మరో పంట అని పడినా, రెండెకరాలు ఎకరంగా పడినా నష్టం రైతుదే. జాబితాలను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలో ప్రదర్శించి, అభ్యంతరాలు తీసుకున్నాకే ఖరారు చేయాలి. గోడకు నాలుగు కాగితాలు అతికిస్తే ఆ పని తీరదు. చదువు రాని రైతుకు, ఆ వైపు రాలేని రైతుకు ఆ జాబితా లేనట్టే. తప్పు బయటపడేది పరిహారం పడని రోజున. అప్పటికి సరిదిద్దే గడువు దాటిపోయి ఉంటుంది.

ఆ లెక్కలో ఎక్కువగా జారిపోయేది ఎవరు? మొదట కౌలు రైతులు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలలకు కార్డు ఇస్తామంది. కానీ భూ యజమాని సంతకం పెడితేనే కార్డు. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు వెనకాడుతున్నారు. పీఎం కిసాన్ సొమ్ము మొదటి నుంచీ భూమి ఉన్నవారికే. తర్వాత ఐదో షెడ్యూలులో చేరని గిరిజన గూడేలు. కొండవాలులో తరాలుగా జీడి సాగు చేస్తున్నా పట్టా లేని రైతు ఏ లెక్కలోకి వస్తాడు? మన ఊళ్లో నిజంగా చెమటోడ్చేవారెందరు, జాబితాలో ఉన్నవారెందరు? ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపించే కాగితం ఏ ఆఫీసులోనూ ఇవ్వరు. ఆ తేడా బయటపడితే పాలన ఎవరి కోసం సాగుతోందో కూడా బయటపడుతుంది.

ఇక చెరకు. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీల గతి మనం చూశాం. గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారం బకాయిల కోసం రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో కూడా చూశాం. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ఈ వడ్డీ సంగతి మన రైతుల్లో ఎంతమందికి చెప్పారు?

ధర సంగతి కూడా అంతే. 2024-25 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 340 రూపాయలు. అది 10.25 శాతం రికవరీకి. రికవరీ 9.5 శాతానికి, అంతకంటే కిందికి పడితే 315 రూపాయల 10 పైసలు. టన్ను మీద 249 రూపాయల తేడా. ఎకరాకు 30 టన్నులు పండిందనుకుంటే 7,470 రూపాయలు. ఇంత సొమ్మును తేల్చే రికవరీ అంకె ఫ్యాక్టరీ లోపల పుడుతుంది, లోపలే ఉంటుంది. యంత్రాలు పాతబడి చక్కెర పిప్పిలో పోయిందా, చెరకు నరికాక యార్డులో రోజుల తరబడి ఎండిందా, లేక చెరకులోనే తీపి తక్కువా? రోజువారీ లెక్క గేటు దగ్గర బోర్డు మీద రాస్తే తప్ప రైతుకు తెలిసే దారి లేదు. సహకార కర్మాగారంలో రైతు వాటాదారు. అంటే యజమాని. యజమానికి లెక్క చెప్పని గుమస్తాను మనం ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచుకోం.

లెక్కను జనం మధ్య చదివితే ఏమవుతుందో చూపించిన అనుభవం మన దేశంలోనే ఉంది. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ప్రజా విచారణ జరిపింది. కూలీల మస్తర్లను కూలీల ముందే చదివారు. ఎవరెవరి పేరున దొంగ సంతకాలు పడ్డాయో అక్కడికక్కడే తేలింది. ఆ పోరాటాల ఒత్తిడితోనే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీ చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే ఆ తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటి కోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్ల నుంచి వచ్చిన యువతీ యువకులు గడప గడపకూ వెళ్లి మస్తరును, పనిని, ముట్టిన కూలీని పోల్చారు. గ్రామసభలో చదివి, మండల ప్రజావేదికలో అధికారులను నిలబెట్టి అడిగారు.

దూరాన ఆఫ్రికాలోని ఉగాండాలో కూడా ఇలాంటిదే జరిగింది. 1991-95 మధ్య ప్రాథమిక బడులకు కేంద్రం నుంచి వచ్చిన నిధుల్లో నూటికి సగటున 13 రూపాయల పాటి సొమ్మే బడికి చేరిందని ఒక పరిశీలనలో తేలింది. మిగతాది మధ్యలోనే ఆగింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత సొమ్ము పంపిందో పత్రికల్లో వేయించింది. బడికి ఎంత ముట్టిందో బడి గోడ మీద రాయమంది. 2001 నాటికి నూటికి 80కి పైగా చేరింది. ఆ మార్పు మొత్తం పత్రికా ప్రకటనల వల్లే వచ్చిందని అనలేం. ఇతర సంస్కరణలు కూడా జరిగాయి. కానీ తల్లిదండ్రులకు అంకె తెలిశాక మధ్యవాడికి దాచడం కష్టమైంది. ఈ పాఠం కంపాలాకు ఎంతో మాడుగులకూ అంతే.

తనిఖీలతో అంతా బాగుపడిందని చెప్పడం లేదు. ఉపాధి పనుల్లో పక్కదారి పట్టిందని తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే. చదివి వినిపించాక చర్య లేకపోతే జనం విసిగి ఇంటికి పోతారు. కాబట్టి చదవడంతో పాటు, తప్పును ఎవరు, ఏ తేదీలోగా సరిదిద్దుతారో సభలోనే రాయించాలి.

ఇప్పుడు మరో ప్రమాదం ముందుకొచ్చింది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3)వ సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న వాక్యం ఆ సవరణతో పోయింది. లబ్ధిదారుల జాబితా అడిగితే "అది వ్యక్తిగత సమాచారం" అనేందుకు అధికారికి సాకు దొరికింది. పేర్లు చదవకుండా సామాజిక తనిఖీ ఎలా చేస్తారు? ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా దాచండి, అవి దాచవలసినవే. ప్రజల సొమ్ము ఎవరి పేరున, ఏ పంటకు, ఎన్ని ఎకరాలకు, ఎంత పోయిందన్నది మాత్రం ఊరి సొత్తు. ప్రజా ప్రయోజనం పెద్దదైతే సమాచారం ఇవ్వవచ్చన్న 8(2)వ సెక్షన్ ఇంకా ఉంది. దాన్ని చూపించి అడగాలి.

మనలో కొందరు "ఈ కాగితాల గొడవ మనకెందుకు, ధర్నా చేస్తే పోలా" అంటున్నారు. ధర్నా చేయాల్సిందే. కానీ అంకె చేతిలో లేని ధర్నాకు అధికారి "పరిశీలిస్తాం" అని టీ తాగి పంపేస్తాడు. ఫలానా ఊళ్లో ఇన్ని ఎకరాలు నమోదు కాలేదు, ఇంతమందికి ఇన్ని రోజుల వడ్డీ బాకీ అని కాగితం ముందు పెడితే పరిశీలించడానికి ఇంకేమీ మిగలదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఏం అడగాలో తెలియకపోతే అడిగినా పెట్టదు.

అందుకే ఈ డిమాండ్లు:

1. ఈ-క్రాప్ జాబితాను ఖరారు చేసే ముందు ప్రతి పంచాయతీలోనూ, ప్రతి గూడెంలోనూ దండోరా వేసి, గ్రామసభలో పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం గట్టిగా చదవాలి. అభ్యంతరాలకు రసీదు ఇవ్వాలి.

2. సాగు చేస్తున్న కౌలు రైతులు, పట్టా లేని గిరిజన రైతుల జాబితాను గ్రామసభే తయారుచేయాలి. దాన్ని అధికారిక జాబితా పక్కన పెట్టాలి. యజమాని సంతకం షరతు తొలగించాలి.

3. చెరకు ఫ్యాక్టరీలు రోజువారీ క్రషింగ్, రికవరీ, చెల్లించిన సొమ్ము, బకాయి, దాని మీద వడ్డీ గేటు దగ్గర తెలుగులో రాయాలి.

4. పెద్దేరు, రైవాడ జలాశయాల నీటిమట్టం, సాగుకు ఎంత వదిలారు, విశాఖ నగరానికి ఎంత ఇచ్చారు అనే లెక్కను పంట కాలంలో ఆయకట్టు పంచాయతీల్లో ప్రకటించాలి.

5. 8(1)(జె) సవరణను రద్దు చేయాలి.

ప్రభుత్వం ఒప్పుకునేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా అప్పీలు వేయండి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు దాటేస్తారు. "ఫలానా జాబితా నకలు ఇవ్వండి, ఏ తేదీన ప్రదర్శించారో ఆ రిజిస్టరు నకలు ఇవ్వండి" అని అడగండి. ప్రతి గ్రామ కమిటీ ఈ పంటకాలంలో ఒక్క దరఖాస్తయినా వేయాలి. వచ్చిన కాగితాన్ని బీరువాలో పెట్టకుండా రామాలయం అరుగు మీదో, రచ్చబండ దగ్గరో పదిమందిని కూర్చోబెట్టి చదివించాలి. తప్పు దొరికితే ఆ పదిమందీ కలిసి మండలాఫీసుకు నడవాలి.

పంట మనది, భూమి మనది, చెమట మనది. వాటి లెక్క మన చెవిన పడేదాకా అడుగుదాం.