మంచుపై ఆటను మాన్పించవద్దు

చలిలో గడప దాటితే పిల్లలకు జలుబు చేస్తుందని మన పెద్దల భయం. విదేశాలకు వెళ్ళినా ఆ భయం వారిని వీడదు. నేనూ అందుకు మినహాయింపు కాను. టొరంటోలో మా మనుమరాలు మంచుపై స్కేటింగుకు బయలుదేరితే అడ్డుపడ్డాను. "హేమంతంలో ఒంట్లో బలం ఎక్కువని మీరే చెప్పారుగా, తాతయ్యా!" అన్నది. నాకు సమాధానం దొరకలేదు.

నిజమే. శీతకాలంలో జఠరాగ్ని ప్రదీప్తమై ఉంటుందని చరకుడు, వాగ్భటుడు చెప్పారు. ఆ కాలంలో బలవంతులు అర్ధశక్తి మేరకు వ్యాయామం చేయవచ్చునని వాగ్భటుని విధి. బాలురకు వ్యాయామం కూడదనీ ఆయనే అన్నాడు కదా అంటారేమో! ఆ నిషేధం కఠోర వ్యాయామానికే గాని ఆటపాటలకు కాదని నా అభిప్రాయం. నోటితో ఊపిరి తీయవలసి వస్తే మాత్రం ఆట ఆపించాలి.

మరునాడు నేనే వెంట వెళ్ళాను. నగర సభా భవనం ఎదుట, ఆరుబయట ఉన్న రింకు అది. ప్రవేశ రుసుము లేదు. తాతల చేతులు పట్టుకొని పసివాళ్ళు జారుతున్నారు.

జాగ్రత్తలు అవసరమే. ఉదయం నువ్వులనూనెతో అభ్యంగనం, వేడినీటి స్నానం చేయించండి. ఉన్ని దుస్తులు, హెల్మెట్ తప్పనిసరి. తడిసిన మేజోళ్ళు వెంటనే మార్చండి. వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కితే లోపలికి తీసుకురండి. రుద్దరాదు, నిప్పుసెగ చూపరాదు. జ్వరం, ఆయాసం ఉన్ననాడు పంపవద్దు. ఉబ్బసం ఉన్న పిల్లల విషయంలో వైద్యుని సలహా తీసుకోండి. ఇల్లు చేరగానే మిరియాల చారుతో వేడి అన్నం పెట్టండి.

పిల్లలను ఆపకండి; వెంట నడవండి. పెద్దలకు ఇదే నా మనవి.